జూన్ ఒకటిన పుట్టిన జట్టు

మా జట్టులో తొమ్మిదిమందికి పుట్టినరోజు ఒకటే. జూన్ ఒకటి. అదేమీ వింత కాదు. మా వైపు పల్లెల్లో బడి రిజిస్టర్లు తిరగేస్తే సగం ఊరు జూన్ ఒకటినే పుట్టినట్టు ఉంటుంది. ఇంట్లోవాళ్ళకు తేదీ గుర్తుండదు, బళ్ళో తేదీ లేకుండా కుదరదు. అయ్యవారు పెన్ను తీసి, బడులు తెరిచే నెల కదా అని మొదటి తారీఖు వేసేస్తారు. కానీ ఈ తొమ్మిదిమంది సంగతి వేరు. వీళ్ళకు తేదీ ఒక్కటే కాదు, సంవత్సరం కూడా తప్పు. ఉన్న వయసు కంటే ఏడాదిన్నర పెద్దవాళ్ళను చేశాను. చేసింది నేనే, నల్ల ఇంకు పెన్నుతో, తెలిసే చేశాను. పశ్చాత్తాపం వినిపిస్తుందేమోనని ఎవరైనా చదవబోతే ఇక్కడే ఆగిపోవచ్చు. అది నా దగ్గర లేదు. కోపం మాత్రం కావలసినంత ఉంది.

నేను ఆత్మకూరు దగ్గర పుట్టి, కర్నూల్లో చదువుకున్నాను. టీచరు ఉద్యోగం వచ్చింది కడప జిల్లాలో, కమలాపురం నుంచి స్కూటీ మీద ముప్పావు గంట పోతే వచ్చే ఊళ్ళో. ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతులు. చేరిన ఏడాదే తెలిసింది, పిల్లలు ఇరవై మంది లేకపోతే బడి ఎత్తేసి వంక అవతలి ఊరి బడిలో కలిపేస్తారని. మా బళ్ళో ఉన్నది పదకొండు మంది. వంకంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప నీళ్ళుండని వాగే. కానీ వచ్చిన రోజు చెప్పి రాదు. ఆ ఊళ్ళో దాన్ని తలుచుకుని ఇంకా ఏడ్చే ఇళ్ళు రెండున్నాయి. ఆరేళ్ళ పిల్లలు రోజూ ఆ వంక దాటి బడికి పోవాలని ఎవరో ఎక్కడో ఫ్యాను కింద కూర్చుని రాశారు.

పైనుంచి అధికారి లెక్క చూడటానికి వస్తున్నాడని తెలిసిన వారంలో, ఊళ్ళో అందరూ పెద్దాయన అని పిలిచే ఒక ముసలి రైతు బడి దగ్గరికి వచ్చాడు. ఆయన వెనకాల పద్నాలుగు మంది పిల్లలు. అందరికీ మొహాలు కడిగి, తలకు నూనె పెట్టి, ఉన్నంతలో మంచి చొక్కాలు తొడిగి తీసుకొచ్చాడు. ఒకడి చొక్కా మోకాళ్ళ దాకా ఉంది.

"రాసుకో టీచరమ్మా. అందరినీ ఒకటో తరగతిలో రాసుకో," అన్నాడు.

"వీళ్ళకు ఐదేండ్లు యాడ నిండినాయి పెద్దాయనా? నాలుగున్నర ఉంటే ఎక్కువ," అన్నాను నేను.

"అందరికీ సరిగ్గా ఐదే అని రాస్తే చూసేటోనికి అనుమానం వస్తాది. ఆరని రాయి."

"ఆరా! ఇంత పొట్టిగా ఉండారేంది అని అడిగితే ఏం చెప్పల్ల?"

"అది నాకొదిలెయ్ తల్లీ. కరువు సీమ పిల్లోళ్లు గదా సార్, తిండి యాడిది వీళ్ళకు అంటా. ఆ మాట ఎవరైనా నమ్ముతారు."

రాశాను. పద్నాలుగు పేర్లకూ ఒకే తేదీ, ఒకే సంవత్సరం. అధికారి వచ్చాడు, తలలు లెక్కపెట్టాడు, పెద్దాయన చెప్పింది విన్నాడు. పొడుగు చొక్కా వాడి తల నిమిరి, "పాపం" అన్నాడు. బడి నిలబడింది. కానీ ఆ 'పాపం' నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మా గురించి ఏ అబద్ధం చెప్పినా నమ్ముతారు, అది ఆకలి గురించైతే చాలు. మా పిల్లలు సంగటి, ఊరిబిండి పచ్చడి తిని రాళ్ళు అరిగించుకునే రకం. వాళ్ళు పొట్టిగా ఉన్నది చిన్నపిల్లలు కాబట్టి, అంతే.

ఆ పద్నాలుగు మందిలో ఐదుగురు ఆడపిల్లలు, తొమ్మిదిమంది మగపిల్లలు. వాళ్ళు మూడో తరగతిలో ఉండగా ప్రభుత్వం అన్ని బళ్ళకూ ఆట సామాను పంపింది. తాళ్ళు, రింగులు, గాలి పోయిన ఒక ఫుట్‌బాల్. క్రికెట్ బ్యాటు వస్తుందని ఎదురుచూసిన పిల్లల మొహాలు వాడిపోయాయి. నాకు ఫుట్‌బాల్ గురించి తెలిసింది కాలితో తంతారని మాత్రమే. సైకిల్ షాపులో గాలి కొట్టించి వంకలోకి తీసుకుపోయాను. ఫోనులో వీడియోలు చూసి సాయంత్రం నేను నేర్చుకున్నది, మర్నాడు వాళ్ళకు నేర్పేదాన్ని. చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఇసుకలో పరిగెత్తే టీచరమ్మను చూడటానికి మొదట్లో ఊరంతా గట్టు మీద కూర్చునేది. నవ్వేవాళ్ళు నవ్వారు. ఇసుకలో పరిగెత్తిన కాళ్ళు గట్టి నేల మీద ఎట్లా ఎగురుతాయో వాళ్ళకేం తెలుసు.

గోలు స్తంభాలకు గనుల దగ్గర పారేసిన నాపరాళ్ళు తెచ్చి పాతాం, ఇటు రెండు, అటు రెండు. పైన అడ్డకర్ర లేదు. మరి బంతి ఎంత ఎత్తున పోతే గోలు కాదు? దానికి పిల్లలే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. గోలు దగ్గర నిలబడ్డవాడు చెయ్యి ఎత్తితే అందేంత వరకే గోలు. దాని పైనుంచి పోతే లెక్కలేదు. పొడుగు చొక్కా వాడే మా గోలీ. వాడు అందరికంటే పొట్టి. అందుకే వాణ్ణి గోలు దగ్గర నిలబెట్టారు, కొట్టేవాళ్ళు బంతిని కిందికే కొట్టడం నేర్చుకోవాలని. ఆ తెలివి నాది కాదు, వాళ్ళదే. మా జట్టు బంతిని నేలమీద నడిపే తీరు తర్వాత ఎంతమంది మెచ్చుకున్నా, దాని మూలం వాడి పొట్టితనమే.

ఐదో తరగతి అయిపోయి పిల్లలు పక్క ఊరి హైస్కూలుకు పోయారు. అప్పటికి వంక దాటే వయసు, బలం వచ్చాయి. సాయంత్రాలు మాత్రం వంకలోనే ఆట. కొన్నేళ్ళకు నాకు వేరే ఊరికి బదిలీ అయింది. అయినా స్కూటీ అటే తిరిగేది. చిన్న తరగతుల పిల్లలు నలుగురు కలిసి జట్టు పదమూడు మంది అయింది.

వాళ్ళు తొమ్మిదో తరగతిలో ఉండగా కడపలో ఒక అకాడమీ వాళ్ళు సంక్రాంతి సెలవుల తర్వాత మగపిల్లలకు వయసులవారీగా టోర్నమెంటు పెట్టారు. అండర్-12, అండర్-14, అండర్-17. మా పిల్లలకు నిజంగా అప్పుడు పదమూడు. నేను ఆనందంగా అండర్-14కి పేర్లు పంపాను. ఎక్కడ పుట్టించానో, ఎప్పుడు పుట్టించానో ఆ క్షణంలో పూర్తిగా మరిచిపోయాను. తొమ్మిదేళ్ళుగా ఆ పిల్లల్ని చూస్తున్నదాన్ని, నాకు వాళ్ళ వయసు వాళ్ళ మొహాల్లో కనిపిస్తుంది కానీ రిజిస్టరులో కాదు కదా.

మొదటి రోజు పొద్దున గ్రౌండు దగ్గర బల్ల వేసుకుని కాగితాలు చూస్తున్న టోర్నమెంటు పెద్ద ఒకాయన ఉన్నాడు. తెల్ల టోపీ పెట్టుకున్నాడు. ఆయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు, మేము టోపీ సారు అనేవాళ్ళం. స్టడీ సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ తిప్పి చూసి, తొమ్మిదింటిని పక్కన పెట్టాడు.

"వీళ్ళకు పద్నాలుగు నిండిపోయినాయి మేడమ్. అదీ అందరికీ ఒకే రోజు," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆయన తల ఎత్తి మా గోలీ వైపు చూసి, "నీకెన్నేండ్లు రా?" అని అడిగాడు.

"కాయితంలోనా, ఇంట్లోనా సార్?" అన్నాడు వాడు, చాలా మర్యాదగా.

చుట్టూ ఉన్న జట్లవాళ్ళు పగలబడి నవ్వారు. వాడు తమాషాకి అనలేదు. నిజంగానే ఏది కావాలో తెలియక అడిగాడు. వాడికి బడిలో చేరినప్పటి నుంచీ రెండు వయసులు, ఆ రెండోది నేనిచ్చింది. నాకు సిగ్గేసింది. వాడిని చూసి కాదు.

ఇక దాచి లాభం లేదని టోపీ సారుకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎక్స్‌రే తీయించండి, మణికట్టు ఎముకలు చూస్తే వయసు తెలుస్తుందట కదా, అన్నాను.

"ఎక్స్‌రే అనేది వయసు దాచినారని ఎవరైనా కంప్లైంట్ ఇస్తే తీస్తాం మేడమ్. తీసేయడానికి తీస్తాం. చేర్చుకోవడానికి తీయం."

మాతో పాటు గోలీ వాళ్ళమ్మ వచ్చింది. పదమూడు మందికి జొన్నరొట్టెలు చేసి వైరు బుట్టలో పెట్టుకుని బస్సులో వచ్చిన మనిషి. ఆమె బుట్ట కింద పెట్టి బల్ల ముందుకొచ్చింది.

"సారూ, వాణ్ని నేను కన్నానా, మీ కాయితం కన్నదా? చెనిక్కాయ పీకే కూలికి పోయినప్పుడు చేని గెనెం గట్టు మీదనే నొప్పులొచ్చినాయి నాకు. ఆ ఏడు ఏ ఏడో ఊళ్ళో ఎవరినైనా అడుగు. వానికి పదమూడే."

"నువ్వు చెప్పేది నిజమే కావచ్చమ్మా. కానీ నాకు కాయితం కావల్ల," అన్నాడు ఆయన. తర్వాత గొంతు తగ్గించి నాతో, "అందరూ ఏం చేస్తాండారో మీకు తెలీదా మేడమ్? వేరే బడి నుంచి ఇంకో సర్టిఫికెట్ తెచ్చుకుంటాండారు. మధ్యాహ్నం దాకా టైమిస్తా. తెచ్చుకోండి," అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడేమో. పక్క జట్టులో ఒక పిల్లవాడు మీసం గీయించుకుని వచ్చినట్టు పైపెదవి మీద గాటు స్పష్టంగా కనిపిస్తోంది. వాడి కాగితం అండర్-14కి సరిగ్గా సరిపోయింది. నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పడానికి నన్ను దొంగ కాగితం తెమ్మంటున్నాడు ఈయన. నేను ఒకసారి అబద్ధం రాశాను, పసిపిల్లలు వంకలో కొట్టుకుపోకూడదని. అంతకు తక్కువ కారణానికి రెండోసారి రాయను.

"అక్కర్లేదు సార్. మా కాయితం ప్రకారం మేము ఏ గ్రూపుకు వస్తాము?" అన్నాను.

"అండర్-17. కానీ మేడమ్, వాళ్ళు…"

"రాసుకోండి."

పిల్లల వైపు తిరిగి అడిగాను. మీకంటే నాలుగేళ్ళు పెద్దవాళ్ళు, గట్టిగా తగులుతుంది, వద్దనుకుంటే ఇంటికి పోదాం అన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "రొట్టెలు తినేసి ఆడతాం మేడమ్," అన్నాడు గోలీ.

ఆ మ్యాచిలో తొమ్మిది గోల్లు తిన్నాం. మా పిల్లలు తల ఎత్తితే వాళ్ళ భుజాలు కనిపించాయి. మొదటి గోలు పడ్డప్పుడు జరిగింది చెప్పాలి. బంతి మా గోలీ తల మీదుగా, వాడు ఎగిరినా అందనంత ఎత్తున పోయి వలలో పడింది. వెంటనే మా పదకొండు మందీ చేతులు ఎత్తేసి "కాదు, కాదు, గోలు కాదు!" అని అరిచారు. రిఫరీకి ఏమీ అర్థం కాలేదు. మా గోలీ పైన ఉన్న అడ్డకడ్డీ వైపు, తన చేతి వైపు మార్చి మార్చి చూసుకున్నాడు. ప్రపంచంలో గోలు వాడి చెయ్యి అందినంత వరకే కాదని వాడికి ఆ రోజు తెలిసింది. గ్రౌండు చుట్టూ ఉన్నవాళ్ళంతా మళ్ళీ నవ్వారు. నేను నవ్వలేదు, ఏడవలేదు కూడా. ఆ తొమ్మిదింటిలో కనీసం ఆరు గోల్లు నేను వేయించినవే అని లెక్క వేసుకుంటూ నిలబడ్డాను.

తిరుగు బస్సులో ఎవరూ మాట్లాడరనుకున్నాను. కమలాపురం దాటగానే వెనక సీట్లో నుంచి గోలీ లేచి వచ్చాడు. "మేడమ్, రేపట్నుంచి రాళ్ళ మీద ఒక వాసం కట్టల్ల. అంతెత్తు," అన్నాడు. మర్నాటికి పెద్దాయన తన కొట్టం కూలగొట్టి వాసం ఇచ్చాడు.

రెండో ఏడు కూడా అదే టోర్నమెంటు, అదే అండర్-17. నాలుగు గోల్లు తిన్నాం, ఒకటి వేశాం. ఆ ఒక్క గోలుకు మా పిల్లలు చేసిన గోల చూసి, గెలిచినవాళ్ళు తామే ఓడిపోయామా అని అనుమానపడ్డారు. పదో తరగతి పరీక్షలు నెత్తి మీద పెట్టుకుని ఆటలేంటని ఊళ్ళో నన్ను తిట్టినవాళ్ళు తిట్టారు. తిట్టించుకున్నాను. తొమ్మిదిమందీ పాసయ్యారు, అది కూడా రాసి పెడుతున్నాను.

మూడో ఏటికి పిల్లలు ఇంటర్‌లో, ఐటీఐలో చేరి తలో దిక్కున ఉన్నారు. ఆదివారాలు మాత్రం వంకకు వచ్చేవాళ్ళు. కాగితం మీద పదహారున్నర, ఒంటి మీద పదిహేను. మీసాలు మొలుస్తున్నాయి. మూడేళ్ళుగా తమకంటే పెద్దవాళ్ళ మోచేతులు తిని తిని బంతిని ఎవరికీ అందకుండా దాచుకోవడం నేర్చుకున్నారు. ఆ ఏడు మొదటి మ్యాచిలో, మొదటి సంవత్సరం మాకు తొమ్మిది గోల్లు కొట్టిన జట్టునే రెండు ఒకటితో ఓడించారు. గోలీ ఆఖరి నిమిషంలో అడ్డకడ్డీ కింద ఎగిరి బంతిని వేలి కొసలతో పైకి నెట్టాడు. నేను గ్రౌండులోకి పరిగెత్తుకుపోయి వాడి చెంపలు రెండూ పట్టుకుని అరిచాను. ఏమని అరిచానో నాకే తెలియదు.

ఓడిపోయిన జట్టు కోచ్‌కి మింగుడు పడలేదు. నేరుగా టోపీ సారు బల్ల దగ్గరికి పోయి కంప్లైంట్ రాసిచ్చాడు. ఈ జట్టులో తొమ్మిదిమందికి ఒకే పుట్టిన తేదీ ఉండాది, అది దొంగ తేదీ, వీళ్ళకు పదిహేడు దాటిపోయినాయి, ఎక్స్‌రే తీయించండి అని.

టోపీ సారు కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆయన మొహంలో నవ్వు దాచుకోవడం నాకు కనిపించింది. "మేడమ్, కంప్లైంట్ వచ్చినాది. ఇప్పుడు తీయల్ల," అన్నాడు.

"తీయండి సార్. మూడేండ్ల నుంచి అడుగుతాండా," అన్నాను.

తొమ్మిదిమందీ కడపలో ఎక్స్‌రే గది ముందు వరసగా కూర్చుని ఎడమ చేతులు చాపారు. రెండు రోజులకు రిపోర్టులు వచ్చాయి. తొమ్మిదింటిలోనూ దాదాపు ఒకటే మాట: వయసు పదిహేను, అటు ఇటుగా. కంప్లైంట్ ఇచ్చినాయన ఆ కాగితాలు రెండుసార్లు చదివాడు. "తేదీ దొంగదే అని నేను ముందే చెప్పినా గదా," అన్నాడు. నిజమే, ఆ ఒక్క విషయంలో ఆయన సరిగ్గానే చెప్పాడు. తర్వాతి మ్యాచిలో మేము ఓడిపోయాం, కానీ ఆ రిపోర్టుల కట్టను నేను బంగారం తీసుకుపోతున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

ఎందుకంటే మే నెలలో కర్నూల్లో అండర్-16 టోర్నమెంటు ఉందని టోపీ సారే చెప్పాడు. నా పిల్లలకు పదహారు నిండటానికి ఇంకా నెలలున్నాయి. తమ ఈడువాళ్ళతో ఒక్కసారైనా ఆడాలంటే అదే ఆఖరి అవకాశం, ఆ పై ఏటికి వాళ్ళు దాటిపోతారు. కర్నూలు వాళ్ళకు ఫోను చేశాను. ఎక్స్‌రే రిపోర్టు ఒక్కటే చాలదన్నారు. బడి రిజిస్టరులో తప్పు తేదీ ఎట్లా పడిందో, ఆ తేదీ రాసినవాళ్ళు స్వయంగా రాసి సంతకం పెట్టి ఇవ్వాలన్నారు.

అంటే నేను. ఉద్యోగంలో ఉన్న టీచరు, ప్రభుత్వ రిజిస్టరులో తెలిసి తప్పు రాశానని తన చేత్తో తను రాసివ్వాలి. నా తోటి టీచర్లు వద్దన్నారు. ఇద్దరు పిల్లలున్నారు నీకు, ఆట కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా అన్నారు. రెండు రోజులు భయపడ్డాను. ఆ భయాన్ని కూడా దాచను.

మూడో రోజు పెద్దాయన బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. ఆయనకు కళ్ళు సరిగా కనిపించడం లేదు అప్పటికి. ఎవరు చెప్పారో, అంతా తెలుసుకునే వచ్చాడు.

"అమ్మా, నా మీద రాయి. ముసలోడు అబద్ధం చెప్పి నన్ను మోసం చేసినాడు, నాకు తెలీదు అని రాయి. యాడ ఏలిముద్ర ఎయ్యమంటే ఆడ ఏస్తా. నన్నేం చేస్తారు? పింఛను నిలిపేస్తారా, నిలిపేయనీ," అన్నాడు.

ఆయన ఆ మాట అనకపోతే ఇంకో వారం భయపడేదాన్నేమో. ఆ ముసలాయన ముందు కూర్చునే తెల్లకాగితం తీశాను. రిజిస్టరులో ఈ పిల్లల పుట్టిన తేదీలు తప్పని, తప్పని తెలిసే నేను రాశానని, అప్పుడు వాళ్ళకు నాలుగున్నరేళ్ళని రాసి సంతకం పెట్టాను. ఆయన పేరు ఎక్కడా రాలేదు. చదివి వినిపిస్తే, "నన్ను ఇడిసిపెట్టినావు గదమ్మా," అని కోపగించుకున్నాడు. భోజనం చేయకుండానే పోయాడు.

కడపలో కంప్లైంట్ ఇచ్చినాయన ఊరుకోలేదు. నా సంతకం కాగితం ఎట్లా సంపాదించాడో, జిరాక్సు తీయించి మా డిపార్ట్‌మెంటుకు పంపాడు. కర్నూలు బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు మెమో వచ్చింది. మీ మీద ఎందుకు చర్య తీసుకోకూడదో తెలపండి అని. తెలిపాను. "చర్య తీసుకోండి. కానీ తీసుకునే ముందు ఆ ఊరికి వచ్చి బడి చూడండి. ఇప్పుడు అందులో ముప్పై ఒక్కమంది పిల్లలున్నారు. ఆ రోజు నేను నిజం రాసి ఉంటే అక్కడ ఆ బడి ఉండేది కాదు. మళ్ళీ అదే రోజు వస్తే మళ్ళీ అదే రాస్తాను," అని రాసి పంపాను. చివరి వాక్యం తీసేయమని అందరూ బతిమాలారు. తీసేయలేదు. ఇంక్రిమెంట్లు ఆపేశారు, ఉద్యోగం ఉంచారు. బడి చూడటానికి మాత్రం ఇంతవరకు ఎవరూ రాలేదు.

కర్నూల్లో మే నెల ఎండలకు భయపడి మ్యాచిలు పొద్దున ఆరున్నరకే మొదలుపెట్టారు. నేను చదువుకున్న ఊరు, అయినా ఆ గ్రౌండులో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. మా పిల్లలకు కాగితాల దగ్గర ఎవరూ అడ్డు చెప్పలేదు. అండర్-16 అని రాసి ఉన్న పట్టికలో తొమ్మిది పేర్లూ ఉన్నాయి. నేను ఆ పట్టికను నాలుగుసార్లు చదివాను. గోలీ వాళ్ళమ్మ ఈసారి కూడా వైరు బుట్టతో వచ్చింది. పట్టికలో తన కొడుకు పేరు మీద వేలు పెట్టి చూపించమని అడిగి, తనూ ఆ చోట వేలు పెట్టింది.

రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడ్డాయి. చేతులు కలుపుతూ వరస ముందుకు కదిలింది. మా గోలీ సగం దాకా పోయి, వరస వదిలిపెట్టి, నా దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. వాడి మొహంలో కంగారు.

"మేడమ్, ఏదో పొరపాటు జరిగినట్టుండాది. అండర్-14 పిల్లోళ్లను మా మీదికి పంపినారు. ఎంత చిన్నగుండారో చూడండి. గట్టిగా తగిలితే ఏమైనా అవుతాది. పోయి అడగండి మేడమ్."

చూశాను. వాళ్ళ భుజాలు, మా వాళ్ళ భుజాలు ఒక్క ఎత్తులో ఉన్నాయి.

"చిన్నోళ్లు కాదురా వాళ్ళు. మీ ఈడోళ్లే," అన్నాను.

వాడు వెనక్కి తిరిగి ఆ వరసను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు. చాలాసేపు చూశాడు. మళ్ళీ నా వైపు తిరిగాడు.

"అయితే మేము గూడా ఇంతేనా మేడమ్? ఇన్నేండ్లూ ఇంతేనా?"

"అప్పుడు ఇంతకంటే చిన్నోళ్లు నాయనా," అన్నాను. "పో, రిఫరీ పిలుస్తాండాడు."